డౌన్‌హిల్ సైకిల్‌కు కొత్త రిమ్ము: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మౌంటెన్ బైక్ చక్రాలు కట్టే పనిలో ఉన్న నన్ను, డౌన్‌హిల్ (కొండ మీది నుంచి రాళ్ల దారిలో వేగంగా కిందికి దిగే) సైకిళ్లు తొక్కే కుర్రవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “అన్నా, అన్నింటికంటే గట్టి రిమ్ము ఏది?” పాత రిమ్మును చూడకుండా ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. రిమ్ములన్నీ ఒకే విధంగా పాడవవు. పాతది ఏ దెబ్బకు పోయిందో తెలిస్తేనే కొత్తదానిలో ఏ బలం వెతకాలో తెలుస్తుంది.

టైరు, రిమ్ము లోపల అంటించిన టేపు విప్పేసి రిమ్మును ఎండలో మెల్లగా తిప్పుతూ చూడండి. టైరు పట్టుకునే అంచు లోపలికి మడతపడి సొట్టపోయి ఉంటే, టైరులో గాలి చాలక రాయి దెబ్బ నేరుగా రిమ్ముకు తగిలిందని అర్థం. స్పోకు రంధ్రం చుట్టూ వెంట్రుకంత సన్నని బీటలు కనిపిస్తే, అది ఒక్క రాయి చేసిన పని కాదు. అతిగా బిగించడం వల్లనో, చాలాకాలం దెబ్బలు తిని లోహం అలసిపోవడం వల్లనో అలా అవుతుంది. ఒకచోట రిమ్ము కుంగి చదునైపోతే ఎత్తు నుంచి దూకి బరువుగా దిగినట్టు, చక్రం మొత్తం మెలి తిరిగిపోతే పక్క నుంచి పడిన బలాన్ని స్పోకుల బిగువు తట్టుకోలేకపోయినట్టు. మొదటి రకం నష్టానికి ఎంత ఖరీదైన రిమ్ము కొన్నా, టైరు, గాలి మారకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

మన ప్రాంతపు రాళ్ల స్వభావం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు కూర్చుని ఉన్న చోటుకు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు ఉంది. క్వార్ట్‌జైట్ పగిలితే పదునైన కోణాలతో పగులుతుంది, గ్రానైటు మాత్రం ఎండకు, వానకు గుండ్రటి బండలుగా మారుతుంది. అందుకే పదును రాళ్లున్న దారిలో తిరిగే సైకిళ్ల రిమ్ములకు అంచు సొట్టలు ఎక్కువగా కనిపిస్తాయి. చిత్తూరు వైపు గ్రానైటు గుట్టల మీద దూకేవారి రిమ్ములు అంచు దగ్గర బాగానే ఉండి, ఒకచోట కుంగిపోయి వస్తాయి. శేషాచలం రక్షిత అడవి కనుక, అటవీశాఖ అనుమతి లేని దారుల్లో సైకిల్ దించకూడదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి.

అపోహ: బరువైన రిమ్మే బలమైన రిమ్ము.

వాస్తవం: లోహం ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. డౌన్‌హిల్ కోసం చేసిన 29 అంగుళాల అల్యూమినియం రిమ్ములు సాధారణంగా 550 నుంచి 650 గ్రాముల మధ్య తూగుతాయి. ఆ లోహాన్ని టైరు అంచు దగ్గర, స్పోకులు కూర్చునే అడుగు భాగంలో మందంగా ఉంచి, పక్క గోడల్లో తగ్గిస్తారు. రెండు గోడల మధ్య బోలుగా ఉండే పెట్టె ఆకారమే దానికి నిలకడనిస్తుంది. పాత రోజుల ఇనుప రిమ్ము చేతికి ఎంతో బరువుగా తగిలినా అది ఒంటి గోడ రేకు కాబట్టి పెద్ద దెబ్బకు వంగిపోతుంది. బరువుకు బదులు కంపెనీ వివరాల్లో వాడకపు తరగతిని చూడండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం 1 నుంచి 5 వరకు తరగతులుంటాయి, డౌన్‌హిల్‌కు 5వ తరగతి రిమ్మే కావాలి. 3వ తరగతి రిమ్ము ఎంత తక్కువ ధరకు దొరికినా డౌన్‌హిల్ సైకిల్‌కు వేయకండి.

అపోహ: స్పోకులను ఎంత బిగిస్తే చక్రం అంత బలంగా ఉంటుంది.

వాస్తవం: ఇది అన్నింటికంటే ఎక్కువ రిమ్ములను పాడుచేస్తున్న అపోహ కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. చక్రం మీద బరువు పడినప్పుడు నేలవైపు ఉన్న స్పోకుల బిగువు పెరగదు, తగ్గుతుంది. ముందే బిగించి ఉంచిన బిగువులోంచి కొంత తగ్గినా స్పోకు ఇంకా లాగిపట్టుకునే ఉంటుంది కనుక రిమ్ము తన ఆకారంలో నిలుస్తుంది. బిగువు మొదటే తక్కువైతే పెద్ద దెబ్బకు ఆ స్పోకులు పూర్తిగా వదులైపోయి, రిమ్ము తన బలం మీదే నిలబడాల్సి వస్తుంది; చక్రాలు మెలి తిరిగేది అప్పుడే. దీనికి మందు అతిగా బిగించడం మాత్రం కాదు. హద్దు దాటితే రంధ్రాల దగ్గర లోహం ఎప్పుడూ లాగుడులోనే ఉండి బీటలు తీస్తుంది. చాలా డౌన్‌హిల్ అల్యూమినియం రిమ్ములకు ఒక్కో స్పోకు బిగువు 100 నుంచి 120 కిలోల మధ్య ఉంటే సరిపోతుంది, అయినా ఆ రిమ్ము చేసిన కంపెనీ ఇచ్చిన హద్దే చివరి మాట.

అంతకంటే ముఖ్యమైనది సమతూకం. ఒకే వైపు స్పోకులన్నీ ఇంచుమించు ఒకే బిగువులో ఉండాలి. బెండు మాత్రమే తీసి ఇచ్చిన చక్రం చూపుకు నిటారుగా తిరుగుతున్నా, అందులో ఒక స్పోకు 130, పక్కది 70 ఉండవచ్చు. వేలితో మీటి చూస్తే ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా మోగుతుంది. అలాంటి చక్రం రెండు దిగుళ్లకే మళ్లీ వంకరపోతుంది, తప్పంతా రిమ్ము మీద పడుతుంది. వెనుక చక్రంలో గేర్ల వైపు, రెండో వైపు బిగువుల మధ్య తేడా సహజంగానే ఉంటుంది. రంధ్రాలను ఒక పక్కకు జరిపి చేసిన అసమాన రిమ్ములు ఆ తేడాను తగ్గిస్తాయి కనుక, మీ హబ్బుకు (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగానికి) సరిపోయేట్లయితే వాటినే తీసుకోండి.

అపోహ: లావు స్పోకులు వేస్తే రిమ్ముకు మేలు.

వాస్తవం: మధ్యలో 1.8 మిల్లీమీటర్లకు సన్నబడి రెండు చివర్లా 2 మిల్లీమీటర్లు ఉండే స్పోకు దెబ్బ పడినప్పుడు కొంచెం సాగుతుంది. దానివల్ల హబ్బు దగ్గరి వంపు మీద, రిమ్ము రంధ్రం మీద భారం తగ్గుతుంది. మన పాత సైకిళ్ల వెనుక చక్రానికి 40 స్పోకులుండేవని, డౌన్‌హిల్‌కు 32 చాలవని కొందరు భయపడతారు. ఇప్పటి రెండు గోడల రిమ్ముకు 32 చాలు. అయితే హబ్బుకు, రిమ్ముకు రంధ్రాల సంఖ్య ఒకటే ఉండాలి.

అపోహ: రిమ్ము ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: 2.4 నుంచి 2.5 అంగుళాల టైరుకు లోపలి వెడల్పు 28 నుంచి 31 మిల్లీమీటర్ల దాకా ఉంటే టైరు గుండ్రంగా కూర్చుంటుంది. అదే టైరును 35 దాటిన రిమ్ముకు వేస్తే పైభాగం చదునై, టైరు గోడలు నిటారుగా నిలిచి, పదునైన రాయి రిమ్ము అంచుకు దగ్గరగా వస్తుంది. మన రాళ్ల మీద ఇది మంచిది కాదు.

అపోహ: కార్బన్ రిమ్ము విరగదు.

వాస్తవం: మంచి కార్బన్ రిమ్ము వంగదు, చక్రాన్ని గీత గీసినట్టు నిటారుగా ఉంచుతుంది, ప్రపంచస్థాయి పోటీల్లోనూ వాడుతున్నారు. అయితే అల్యూమినియం దెబ్బ తింటే సొట్టపోతుంది, ఆ సొట్టను జాగ్రత్తగా సరిచేసి ఆ రోజుకు కిందికి చేరవచ్చు. కార్బన్ దెబ్బ తింటే పగులుతుంది, ఆ పగులు పొరల మధ్య దాగి పైకి కనిపించకపోవచ్చు. ప్రతి దిగుడు తర్వాత అంచు వెంబడి వేలు పోనిచ్చి చూసుకునే ఓపిక, పగిలితే మార్పిడి ఇచ్చే వారంటీ, అది వచ్చేవరకు ఆగగలిగే వెసులుబాటు ఉన్నవారికే నేను దాన్ని సూచిస్తాను. తిరుపతిలో ఇలాంటి రిమ్ము అప్పటికప్పుడు దొరకదు, బెంగళూరు నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి. ఒక్క సైకిలే ఉన్న కుర్రవాడికి అల్యూమినియమే సరైనదని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: గట్టి రిమ్ము వేశాక గాలి ఎంత తక్కువైనా ఫర్వాలేదు.

వాస్తవం: 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచకప్‌లో అమెరికా డౌన్‌హిల్ రేసర్ ఆరన్ గ్విన్ వెనుక టైరు పోయినా ఒట్టి రిమ్ము మీదే చివరిదాకా దిగిన దృశ్యాన్ని చాలామంది నాకు చూపిస్తారు. అది ఒక్క పరుగు కోసం, ఒక్క పోటీ కోసం చేసిన పని. రోజూ తొక్కేవారికి రిమ్మును కాపాడేది రెండు పొరల డౌన్‌హిల్ టైరు, తగినంత గాలి, అవసరమైతే టైరు లోపల వేసే నురుగు ఇన్సర్టు. ట్యూబ్‌లెస్ వెనుక టైరుకు 25 నుంచి 30 పీఎస్‌ఐ మధ్య మొదలుపెట్టి, మీ బరువును, దారిని బట్టి ఒక్కొక్క పీఎస్‌ఐ మార్చుకుంటూ చూడండి. ముందు చక్రానికి రెండు మూడు తక్కువ ఉండవచ్చు. రాయి తగిలినప్పుడు టంగుమని లోహపు చప్పుడు వింటే ఆ గాలి చాలలేదని అర్థం.

అపోహ: అంగుళాలు కలిస్తే ఏ రిమ్మైనా పడుతుంది, స్పోకులన్నీ మాత్రం కొత్తవి కొనాలి.

వాస్తవం: రెండు మాటలూ సరికావు. టైరు కూర్చునే వ్యాసం 27.5 అంగుళాల రిమ్ముకు 584, 29 అంగుళాలదానికి 622 మిల్లీమీటర్లు. పాత 26 అంగుళాలదానికి 559. ముందు 29, వెనుక 27.5 వాడే సైకిళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి ఏ చక్రానికి ఏది కావాలో చూసి చెప్పండి. టైరు వ్యాసం కలిసినా, స్పోకు నిప్పల్ (స్పోకు చివర బిగించే చిన్న నట్టు) కూర్చునే చోటి నుంచి ఎదురుచోటికి ఉండే వ్యాసం ఒక్కో రిమ్ముకు ఒక్కోలా ఉంటుంది. దాన్నే ఈఆర్‌డీ అంటారు, స్పోకు పొడవు దాని మీదే ఆధారపడుతుంది. పాత, కొత్త రిమ్ముల ఈఆర్‌డీ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉండి, రంధ్రాల సంఖ్య, అమరిక ఒకటే అయితే పాత స్పోకులే పనికొస్తాయి. కొత్త రిమ్మును పాతదాని పక్కన వాల్వు రంధ్రాలు కలిసేలా పెట్టి టేపుతో కట్టి, ఒక్కొక్క స్పోకును విప్పి పక్క రిమ్ములోకి మార్చుకుంటూ పోతే అల్లిక చెడకుండా పని అవుతుంది. నిప్పల్స్ మాత్రం కొత్తవి, ఇత్తడివి వేయించండి. చైను పడి గాట్లు పడిన స్పోకులను, లేదా ఇప్పటికే రెండు మూడు తెగిన చక్రంలోని మిగతా స్పోకులను తిరిగి వాడకండి.

కట్టిన వెంటనే పక్కపక్క స్పోకులను జతలుగా చేత్తో గట్టిగా నొక్కించి, మళ్లీ బిగువు సరిచేయించుకోవాలి. మొదటి రెండు మూడు దిగుళ్ల తర్వాత స్పోకులు తమ చోట్లలో సర్దుకుని కొంత బిగువు తగ్గుతుంది కనుక, చక్రం నిటారుగానే తిరుగుతున్నా ఒకసారి బిగువు కొలిచే మీటరు పెట్టించి చూడండి.