గీస్తేనే కనిపించేవి

ఒక గ్లాసును కంటికి కాస్త కిందుగా బల్ల మీద పెట్టి, దాని పై అంచును పెన్సిల్‌తో గీసి చూడండి. గీశాక ఆ కాగితాన్ని గ్లాసు పక్కన పెట్టి పోల్చండి. మీరు గీసిన అంచు చాలావరకు ఉండాల్సిన దానికంటే గుండ్రంగా వచ్చి ఉంటుంది. అక్కడ కంటికి ఆనేది సన్నటి దీర్ఘవృత్తం. కానీ గ్లాసు మూతి గుండ్రంగా ఉంటుందని మెదడుకు ముందే తెలుసు. ఆ తెలిసిన సంగతే చేతిలోకి దిగిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ థౌలెస్ 1931లో వాల్చిపెట్టిన గుండ్రటి బిళ్లలతో ఈ సంగతి చూపించాడు. చూసినవాళ్లు చెప్పిన ఆకారం కంట్లో పడిన దీర్ఘవృత్తానికీ, అసలు వృత్తానికీ నడుమ ఎక్కడో తేలింది.

రోజువారీ బతుక్కి ఇది మేలే. తలుపు తెరుచుకుంటున్న కొద్దీ దాని ఆకారం మారిపోతున్నట్టు తోస్తే మనం అడుగు వేయలేం. బొమ్మ వేసేవాళ్లకు మాత్రం మొదటి అడ్డు ఇదే.

నేర్చుకునే రోజుల్లో నా ఎడమచేతిని నేనెన్నిసార్లు గీశానో లెక్కలేదు. బొటనవేలు ప్రతిసారీ సాగినట్టు వచ్చేది. చెరపడం, మళ్లీ గీయడం, కాగితం నలిగి నూగు లేవడం. ఒకరోజు వేళ్లను వదిలేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ఖాళీని గీశాను. అది వంకర తిరిగిన ముక్కోణంలా ఉంది, కింది మూల కాస్త మొద్దుబారి ఉంది. ఆ ఖాళీకి పేరు లేదు, అది ఎలా ఉండాలో నాకు ముందే తెలిసింది ఏమీ లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు చూడగలిగాను. ఖాళీ కుదిరేసరికి బొటనవేలు తనంతట తానే సరైన చోట కూర్చుంది. ఆ రోజు కలిగిన సంతోషం నాకిప్పటికీ గుర్తుంది.

కన్ను దృశ్యమంతటినీ ఒకేసారి స్పష్టంగా చూడదు. చేయి చాచినప్పుడు బొటనవేలి వెడల్పు ఎంత ఉంటుందో, రమారమి అంత మేరే నిశితంగా కనిపిస్తుంది. అందుకే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు గెంతుతూ ముక్కలు పోగుచేస్తుంది. మామూలు చూపులో ఆ ముక్కలు చాలావరకు వచ్చినట్టే జారిపోతాయి. గీసేటప్పుడు అలా కుదరదు. చిత్రకారుడు హంఫ్రీ ఓషన్ కంటి కదలికలను కొలిచిన పరిశోధన ఒకటి 2001లో వెలువడింది. ఎదుటి మనిషిని గీస్తున్నప్పుడు ఆయన చూపు మామూలుకంటే ఎక్కువసేపు ఒకే చోట నిలిచింది. ఒక చిన్న వివరాన్ని పట్టుకుని, అది మనసులో చెదిరిపోకముందే కాగితం మీదికి చేర్చి, మళ్లీ తల ఎత్తడమే ఆయన పద్ధతి.

కాగితం మీద పడ్డ గీత అక్కడితో ఊరుకోదు. వాస్తుశిల్పులు తమ చిత్తు బొమ్మలను ఎలా వాడతారో మసాకి సువా, బార్బరా ట్వెర్‌స్కీ 1997లో పరిశీలించారు. అనుభవమున్నవాళ్లు తాము అనుకుని గీయని సంబంధాలను కూడా తమ గీతల్లోనే కనిపెట్టి, ఆలోచనను అటు మళ్లించారు. చిత్తు బొమ్మ చిత్తుగా ఉండటమే ఇక్కడ మేలు చేస్తుందని నా నమ్మకం. మరీ నున్నగా దిద్దిన గీతలో వెతకడానికి చోటు మిగలదు.

ఇదంతా ఒకే మనిషి జీవితంలో చూడాలంటే నాకు ముందు గుర్తొచ్చేది విన్సెంట్ వాన్ గో. 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకుని, మొదటి రెండు మూడేళ్లూ ఎక్కువగా డ్రాయింగ్ మీదే పడ్డాడు. 1882లో ఒక చట్రం చేయించుకున్నాడు. దాని నడుమ నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా దారాలు కట్టి ఉండేవి. వాటి గుండా చూస్తే దూరపు పొలం కూడా కొలతలకు అందే గీతలుగా విడిపోయేది. 1888లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణం చేరాక అక్కడి రెల్లును చెక్కి కలాలు చేసుకున్నాడు. రెల్లు కలంలో సిరా ఎక్కువసేపు నిలవదు, పొడవాటి గీత మధ్యలోనే ఎండిపోతుంది. దాంతో చుక్కలు, పొట్టి గీతలు, చిన్న వంపులే దిక్కయ్యాయి. గడ్డికి ఒక రకం, ఆకులకు ఒక రకం, దున్నిన నేలకు మరో రకం. ఆ ఏడాది వేసిన తైలవర్ణ చిత్రాల్లో కుంచె ముద్రలను దగ్గర నుంచి చూస్తే, ఆ కలం నడకే రంగులోకి వచ్చిందని నాకనిపిస్తుంది.

డ్రాయింగ్ అంటే రంగులకు ముందు చేసే ఏర్పాటు అనుకుంటాం. వాన్ గో మాత్రం ఆ వేసవిలో, పూర్తయిన తన చిత్రాలనే ముందు పెట్టుకుని మళ్లీ కలంతో గీశాడు. మిత్రులు ఎమిల్ బెర్నార్‌కూ, జాన్ రస్సెల్‌కూ, తమ్ముడు తెయోకూ పంపాడు. సముద్రంలో పడవలున్న చిత్రాన్ని ముగ్గురికీ గీశాడు. అవే పడవలు, అదే సముద్రం. అలల గీతలు మాత్రం మూడు కాగితాల మీద మూడు రకాలుగా నడిచాయి.