‘ఉత్తర’ తగిలించుకున్నా వదలని పేచీ: మాసిడోనియా కథ

2024 మే 12, ఆదివారం. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలోని పార్లమెంటులో కొత్త అధ్యక్షురాలు గోర్దానా సిల్యానోవ్‌స్కా ప్రమాణం చేస్తూ, కాగితం మీద ‘ఉత్తర మాసిడోనియా’ అని ఉన్నచోట ఉత్తరాన్ని మింగేసి ‘మాసిడోనియా’ అని చదివారు. గ్రీసు రాయబారి లేచి బయటికి నడిచారు. పాత గొడవ మళ్లీ మొదలైంది.

ప్రాచీన మాసిడోనియా రాజు అలెగ్జాండర్ ఎవరివాడన్న వాదన జోలికి ఇక్కడ పోను, దానికి అంతులేదు. 1913లో మాసిడోనియా ప్రాంతాన్ని గ్రీసు, సెర్బియా, బల్గేరియా పంచుకున్నాయని గుర్తుంటే చాలు. సెర్బియా వాటా యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్ అయి, 1991లో స్వతంత్ర దేశమైంది. గ్రీసు వాటా పేరూ మాసిడోనియానే, థెస్సలొనీకి అక్కడిదే. అక్కడి గ్రీకులూ తాము మాసిడోనియన్లమనే చెప్పుకుంటారు. పేరు మొత్తం పక్కవాడికి వదిలేస్తే రేపు నేల కూడా అడుగుతాడని ఏథెన్స్ భయం.

కొత్త దేశం 1993లో ఐక్యరాజ్యసమితిలో చేరడానికి ‘పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అని తాత్కాలిక పేరొకటి పెట్టారు. ‘ఎమ్’ వరసలో కూర్చోబెడితే గ్రీసు ఒప్పుకోదు, ‘ఫార్మర్’ (పూర్వపు) లెక్కన ‘ఎఫ్’ వరసలో అంటే వీళ్లు ఒప్పుకోరు. చివరికి ఇంగ్లిష్ పేరుకు ముందున్న ‘ది’ పట్టుకుని ‘టి’ వరసలో థాయ్‌లాండ్ పక్కన కుర్చీ వేశారు!

నా లెక్కలో అసలు మలుపు ఆ కుర్చీ కాదు, 2008 ఏప్రిల్. అప్పుడు బుకారెస్ట్‌లో జరిగిన నాటో సభలో క్రొయేషియా, అల్బేనియాలకు పిలుపు అందింది, వీళ్లకు గ్రీసు అడ్డుపడింది. గ్రీసు 1994లో సరుకుల రాకపోకలు ఆపేసి మెడ మీద కత్తి పెడితే, 1995లో వీళ్లు జెండా మీది సూర్యుడి బొమ్మ కూడా మార్చుకుని ఒప్పందానికి వచ్చారు. తాత్కాలిక పేరుతో వస్తే ఏ అంతర్జాతీయ సంస్థలోనూ అడ్డుచెప్పబోమని గ్రీసు అందులో సంతకం పెట్టింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2011లో 15–1 తేడాతో గ్రీసు మాట తప్పిందనే తేల్చింది. తీర్పు వచ్చింది, నాటో తలుపు మాత్రం తెరుచుకోలేదు.

రెచ్చగొట్టింది వాళ్లేనంటుంది గ్రీసు, 2006లోనే స్కోప్యే విమానాశ్రయానికి అలెగ్జాండర్ పేరు పెట్టలేదా అని. పెట్టారు, నిజమే. కానీ ఊరి నడిబొడ్డున గుర్రమెక్కిన భారీ విగ్రహం లేచింది మాత్రం బుకారెస్ట్ తర్వాత, 2011లో. దాని అధికారిక పేరు ‘గుర్రంపై యోధుడు’. ఆ యోధుడెవరో ఎవరూ చెప్పనక్కర్లేదనుకోండి.

ఇక 2018లో గ్రీసుతో కుదిరిన ప్రెస్పా ఒప్పందం. దేశం పేరు ఉత్తర మాసిడోనియా, భాష మాత్రం మాసిడోనియన్. రెఫరెండంలో ఓటేసినవాళ్లలో 90 శాతం పైగా సరేనన్నారు గానీ, పోలింగే 37 శాతం దగ్గర ఆగిపోయింది. ఇల్లు కదలనివాళ్ల కోపం మీదే ఇప్పటి పాలక పక్షం ఎదిగింది.

ఇంత చేసినందుకు 2020 మార్చిలో నాటో సభ్యత్వం దొరికింది. ఆ నవంబర్‌లోనే యూరోపియన్ యూనియన్ చర్చలకు బల్గేరియా అడ్డం తిరిగింది: మీది వేరే భాష కాదు, బల్గేరియన్‌కే ఒక యాస అని. ఇప్పుడు రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేర్చమంటున్నారు, దానికి పార్లమెంటులో 120కి 80 ఓట్లు కావాలి. ఆ అధ్యక్షురాలిని గెలిపించిన పార్టీ ఈ షరతుకు ఒప్పుకోబోమంటోంది.