రాత్రి క్లబ్బులను కళలో నిలపడం: అపోహలు, వాస్తవాలు

మూతపడిన రాత్రి వేదికల జ్ఞాపకాలను బొమ్మలుగా, శబ్దాలుగా కూర్చి విజయవాడలో ప్రదర్శనలు పెట్టడం నా పని. గాంధీనగర్‌లో ప్రదర్శన పెట్టిన ప్రతిసారీ వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: క్లబ్బంటే మందు, అందులో కాపాడుకోవలసినది ఏముంటుంది?

వాస్తవం: న్యూయార్క్‌లో డేవిడ్ మాంకూసో 1970లో తన నివాసంలోనే మొదలుపెట్టిన 'లాఫ్ట్'లో గానీ, 1977 నుంచి 1987 వరకు నడిచిన 'పారడైజ్ గరాజ్'లో గానీ మద్యం అమ్మేవారు కాదు.

అపోహ: భవనాన్నో, సామానునో కాపాడితే సరిపోతుంది.

వాస్తవం: మాంచెస్టర్‌లో 1982లో తెరిచిన 'హసియెండా' 1997లో మూతపడింది, 2000లో సామాను వేలానికి వెళ్లింది, 2002లో కట్టడాన్ని కూల్చారు, ఆ స్థలంలో అదే పేరుతో అపార్ట్‌మెంట్లు లేచాయి. క్లబ్బు మూతపడిన ఆ 1997లోనే జెరెమీ డెల్లర్ అనే కళాకారుడు, ఆ ప్రాంతపు కార్మిక సంప్రదాయానికి చెందిన ఇత్తడి వాద్యబృందం చేత క్లబ్బుల్లో మోగే 'యాసిడ్ హౌస్' అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతాన్ని వాయింపజేశాడు. మిల్లుల, గనుల ఊళ్లలో పెరిగిన బ్యాండుకూ, పాడుబడిన గోదాముల్లో తెల్లవార్లూ ఆడిన కుర్రకారుకూ ఉన్న చుట్టరికం ఆ వాయిద్యంలో వినిపించినంత స్పష్టంగా వేలంలో కొన్న చెక్కముక్కలో కనిపించదని నా అభిప్రాయం.

అపోహ: ఫొటోలు, వీడియోలు ఉంటే చాలు.

వాస్తవం: బెర్లిన్‌లోని 'బెర్ఘైన్'లో ఫోన్ కెమెరాలపై స్టిక్కర్లు అంటించిన తరువాతే లోపలికి పంపుతారు, ఎందుకంటే అక్కడికి వచ్చేవారిలో చాలామందికి తమ ముఖం బయటపడదన్న భరోసాయే ముఖ్యం. నా తొలి ప్రదర్శనలో ఒకరిని పోల్చుకోగలిగే ఫొటో పెట్టి, ఆయన బాధపడితే మరునాడే తీసేశాను (ముందే అడగకపోవడం నా తప్పే). అప్పటినుంచి, ఒకే హాలును పదిమంది చేత జ్ఞాపకం మీద విడివిడిగా గీయిస్తున్నాను. స్పీకరు ఏ మూల ఉండేదన్న దగ్గర బొమ్మలు కలవకపోతే, ఆ తేడాను సరిదిద్దకుండా పక్కపక్కనే వేలాడదీస్తాను.

అపోహ: ఇదంతా మన ప్రాంతానికి సంబంధం లేని వ్యవహారం.

వాస్తవం: 'పారడైజ్ గరాజ్'లో పాటలు వేసే డీజే లారీ లెవాన్ జనం నాడి చూసి ఒకే పాటను మళ్లీ మళ్లీ వేసేవాడు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పద్యనాటకం చూసినవారికి ఇది కొత్త కాదు. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక వృద్ధ హార్మోనిస్టుకు ఆ కాలపు రికార్డింగు వినిపించినప్పుడు, ఆయన కళ్లు మూసుకుని విని, పాట మళ్లీ మొదలైనచోట చెయ్యెత్తి, "ఇక్కడ వన్స్‌మోర్ పడిందండీ" అన్నారు.