రిమోట్‌లోకి ఎక్కని గాలి

ఎండలు ముదిరేసరికి ఏసీ ఎన్ని డిగ్రీల మీద పెట్టుకోవాలో ప్రభుత్వం చెప్పవచ్చా అన్న తగువు మళ్లీ తలెత్తింది. నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాల్లోనూ, ఒంగోలు అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గరా ఇదే మాట. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ కొత్త ఏసీలు 20 డిగ్రీల కన్నా దిగువకు, 28 కన్నా ఎగువకు పోకుండా కట్టడి చేస్తామన్నారు. కొద్ది రోజులకే పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ అది 2050 తర్వాతి సంగతి అన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కొనుక్కోండని ధర తగ్గించింది ప్రభుత్వమే, కొన్నాక ఇంతకన్నా చల్లబరచకండని చెప్పబోయిందీ ప్రభుత్వమే. జనానికి చిరాకు వచ్చిందంటే రాదా మరి.

ఏసీ ఎవరు కనిపెట్టారు, మన ఊళ్లకు ఎప్పుడు వచ్చింది అన్న కథ జోలికి ఇక్కడ పోవడం లేదు. ఈ తగువు ఇప్పుడు ఈ రూపంలో ఎందుకు ఉందో తెలియాలంటే 2020లో మొదటి నాలుగు నెలలు చూస్తే చాలునని నా అభిప్రాయం.

ఆ ఏడాది జనవరి 1 నుంచి, స్టార్ గుర్తు ఉన్న ప్రతి గది ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలని బీఈఈ, అంటే ఇంధన సామర్థ్య సంస్థ, నిబంధన పెట్టించింది. ఆ తర్వాత ఎవరికి కావలసినంత వాళ్లు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. బలవంతమేమీ లేదు. ఉద్దేశం కరెంటు ఆదా. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క.

ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గోడలోంచి, కప్పులోంచి లోపలికి దిగే వేడి బయటికీ లోపలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 42 ఉన్నప్పుడు లోపల 18 కావాలంటే తేడా 24 డిగ్రీలు. 26తో సరిపెట్టుకుంటే తేడా 16. కంప్రెసర్ మీద బరువు మూడో వంతు తగ్గినట్టే. దేశంలో కరెంటు గిరాకీ తారస్థాయికి చేరిన వేళ అందులో దాదాపు ఐదో వంతు ఏసీలదేనని కేంద్ర విద్యుత్ శాఖ చెబుతోంది. 2024 మే 30న ఆ గిరాకీ 250 గిగావాట్లకు చేరింది. ఈ లెక్కలు మనకు దూరమేమీ కాదు. 800 మెగావాట్ల యూనిట్లు మూడు మన నేలటూరు సముద్రపు ఒడ్డునే బొగ్గు మండిస్తున్నాయి. అధికారుల వాదన ఇంతే, ఇంతవరకు అది నిజమే.

అదే 2020 ఏప్రిల్‌కు వద్దాం. కరోనాతో దేశమంతా తలుపులు బిగించుకుని కూర్చున్న నెల. ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే, ఆ వెంటనే కేంద్ర ప్రజాపనుల శాఖ, ఏసీలు ఎలా వాడాలో మార్గదర్శకాలు ఇచ్చాయి. గది 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. అసలు ముక్క ఆ తర్వాత వస్తుంది: ఏసీ నడుస్తున్నా కిటికీ కాస్త తెరిచి ఉంచండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి లోపలి గాలి బయటికి పోనివ్వండి. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లు, ఆసుపత్రులు కాని చోట్ల మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్ల బయటి గాలి అందాలని అంకె కూడా చెప్పింది.

24 అన్న అంకె జనవరి ఆదేశంలోనూ ఉంది, ఏప్రిల్ సలహాలోనూ ఉంది. జనవరి ఆదేశంలోని 24 బిల్లు కోసం. ఏప్రిల్ సలహాలోని 24 ఊపిరి కోసం. మొదటిది రిమోట్‌లోకి ఎక్కింది, యంత్రం తయారయ్యే చోటే బిగిసిపోయింది. రెండోది కాగితం మీద ఉండిపోయింది. మాస్కులు తీసిన రోజే కిటికీలూ మూసేశాం. ఈనాటి తగువంతా మొదటి అంకె చుట్టూ తిరుగుతోంది. రెండో దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

నెల్లూరు పొగతోటలో ఏ సాయంత్రమైనా ఒక మాదిరి క్లినిక్‌లోకి వెళ్లి చూడండి. పాతిక మంది కూర్చునే హాలు, రెండు స్ప్లిట్ ఏసీలు, తనంతట తానే మూసుకునే అద్దం తలుపు. తలుపు మీద "ఏసీ ఆన్‌లో ఉంది, తలుపు మూయండి" అన్న కాగితం. లోపల సగం మంది దగ్గుతో వచ్చినవాళ్లే. ఆసుపత్రులు కాని చోట్లకు చెప్పిన అంకెతో లెక్క వేసినా పాతిక మందికి సెకనుకు 250 లీటర్ల బయటి గాలి రావాలి. వస్తున్నది ఆ తలుపు తెరిచినప్పుడల్లా దూరే గాలి ఒక్కటే, దాన్నీ ఆపమని కాగితం అంటించారు. రిసెప్షన్ దగ్గర రిమోట్ 24 చూపిస్తూ ఉంటుంది. నిబంధన ప్రకారం చూస్తే ఆ హాలుకు వంక పెట్టలేం.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. బయట గోడకు వేలాడే యూనిట్ లోపలికి గాలి పంపుతుందనుకుంటారు. రెండింటి మధ్య ఉన్నవి రాగి గొట్టాలు, వాటిలో తిరిగేది గ్యాసు. గదిలోని గాలి గదిలోనే తిరుగుతుంది. పాత కిటికీ ఏసీలకు పక్కన చిన్న మీట ఉండేది. దాన్ని లాగితే ఒక సన్నటి కంత తెరుచుకుని కాస్త గాలి మారేది. అది అరకొర ఏర్పాటే, కాదనను. కానీ గాలి మారాలన్న ఆలోచన ఆ డబ్బాలో ఉంది. చప్పుడు చేస్తుందని, కిటికీ పాడవుతుందని స్ప్లిట్‌కు మారినప్పుడు ఆ మీట కూడా పోయింది. పోయిందని ఎవరూ గమనించలేదు.

పడక గది లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు అంటే 34 ఘనపు మీటర్లు. నిద్రలో మనిషి గంటకు 12, 13 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుని, ఎక్కడా సందు లేకపోతే, గదిలో అది గంటకు 700 పీపీఎంకు (గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులన్న కొలత) పైగా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 చిల్లర. రాత్రి పదకొండుకు తలుపు వేస్తే తెల్లవారుజామున రెండింటికల్లా 2,500 దాటాలి. తలుపు కింద సందు ఉంటుంది కనుక అంత వేగంగా పెరగదు. అయినా తెల్లారి లేచేసరికి తల దిమ్ముగా ఉండటానికి 24, 26ల తేడా కన్నా ఇదే దగ్గరి కారణం.

ఫిల్టరు ఉందిగా అంటారు. ఏసీ మూత ఎత్తితే కనిపించే ప్లాస్టిక్ జాలీ దుమ్మును, నూలు పోగులను, వెంట్రుకలను పడుతుంది. దాన్ని పదిహేను రోజులకోసారి కడిగితే గాలి ధారాళంగా ఆడి కరెంటు ఆదా అవుతుంది. అంతవరకే దాని పని. పీఎం 2.5 అనే నుసి వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు, ఆ జాలీలోంచి దర్జాగా పోతుంది. దాన్ని పట్టే హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపుతుంది కానీ, అంత దట్టమైన దానిలోంచి గాలిని తోసే బలం ఇంటి స్ప్లిట్ ఫ్యానుకు ఉండదు. పైగా ఏ ఫిల్టరూ మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. దానికి గాలి మారడం తప్ప దారి లేదు.

గాలి ఎప్పుడు మారాలి, ఎప్పుడు మారకూడదు అన్నది ఇంజనీర్లకు మాత్రమే తెలిసిన విద్య కాదు. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు రైతులకు ఇది చేతిలో పని. వర్జీనియా పొగాకు బ్యారన్‌కు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదికి, కింద వెంటిలేటర్లు, పైన వెంటిలేటర్లు ఉంటాయి. ఆకు పచ్చ నుంచి పసుపుకు తిరిగేటప్పుడు, 35 డిగ్రీల అటూ ఇటూ, అన్నీ మూసి ఉంచుతారు. రంగు నిలబడి ఆకు ఆరే దశలో తెరుస్తారు, లేకపోతే తేమ నిలిచి ఆకు మాడినట్టు నల్లబడుతుంది. చివర ఈనె ఎండేటప్పుడు వేడి 70 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు మళ్లీ మూస్తారు. ఆ దశలో తెరిచి ఉంచితే కట్టెలు ఊరికే తగలబడతాయి. అయిదారు రోజులు రాత్రీ పగలూ కాపలా కాసి, అద్దంలోంచి థర్మామీటరు చూసి చేసే పని. ఇంధనం ఆదా, గాలి మార్పు అనేవి రెండు వేరు వేరు గొడవలని ఆ రైతు ఎన్నడూ అనుకోడు.

అదే రైతు పట్నంలో కట్టించిన ఇంట్లో, తలుపు మీద వెంటిలేటర్‌కు థర్మాకోల్ ముక్క కోసి, గోధుమ రంగు టేపు అంటించి, పైన సున్నం కూడా వేయించేశారు. ఏసీ బిగించిన రోజున మెకానిక్ చేసిన మొదటి పని అది. ఏసీ నడిచేటప్పుడు వెంటిలేటర్ మూయడం తప్పు కాదు, చల్లదనం పోకుండా ఉండాలంటే మూయాల్సిందే. కానీ పాత ఇళ్లలో దానికి తాడు ఉండేది. లాగితే తెరుచుకునేది, వదిలితే మూసుకునేది. ఇప్పుడు ఏసీ ఆపిన ఉదయం ఆరింటికి కూడా తెరవడానికి వీల్లేదు. కొత్త ఇళ్లలో ఆ టేపు అవసరం కూడా లేదు, వెంటిలేటర్లు పెట్టడమే మానేశారు.

ఇక స్లాబు. నా మటుకు నాకు ఈ వ్యవహారంలో అందరికన్నా న్యాయం జరగాల్సింది పై అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లకు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అయిదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, రాత్రి పన్నెండు దాకా దాన్ని గదిలోకి దింపుతుంది. వాళ్లు 18 మీద పెట్టేది విలాసానికి కాదు. టన్నున్నర ఏసీ 18 మీద నడిచినా ఆ గది 27కు దిగడానికి ఆయాసపడుతుంది. రిమోట్ మీద అంకె వేరు, గది వేడి వేరు. 20కి దిగువ వద్దంటే వాళ్లకు జరిగే నష్టం పెద్దగా లేదు, ఒరిగేదీ లేదు. కప్పు మార్చే హక్కు వాళ్లకు లేదు, కప్పు మార్చాల్సిన ఇంటి యజమాని ఆ బిల్లు కట్టడు.

ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన ఈ ప్రాంతంలో మద్రాసు మిద్దెలు కట్టేవారు. టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, వాటిపైన సున్నం కలిపి దంచిన ఇటుక జల్లి. ఆ మందం దాటి వేడి దిగేసరికి పొద్దు గుంకేది. అవి మళ్లీ కట్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు, టేకు ధర నాకూ తెలుసు. ఇళ్ల కోసం కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పులోంచి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదంది. పైన ఏ తొడుగూ లేని మన స్లాబు అంతకు రెండు మూడు రెట్లు వదులుతుంది. పొరుగున తెలంగాణ 2023లో చల్లటి కప్పుల విధానం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలోనే పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు కోడ్ తప్పనిసరి చేసింది. అప్పట్లో అది ముందడుగే. కానీ మనం పడుకునేది వాణిజ్య భవనాల్లో కాదు.

2015 మే వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో ప్రకాశం ముందుంది. వారిలో ఎక్కువ మంది కూలీలు, ముసలివాళ్లు. డిగ్రీల తగువులో వాళ్ల మాట రాదు, వాళ్ల దగ్గర రిమోట్ లేదు కనుక.

ఆదా, గాలి రెండూ కుదిరే దారులు లేకపోలేదు. పోయే చల్లటి గాలి చేత వచ్చే వేడి గాలిని కొంత చల్లార్చే యంత్రాలు ఉన్నాయి. ఊరికే పోయే చల్లదనంలో 60, 70 శాతం దాకా అవి వెనక్కి రాబడతాయి. క్లినిక్‌లు, కోచింగ్ క్లాసులు పెట్టుకోగలవు. ఇంట్లో అయితే సీలింగ్ ఫ్యాను వేసుకుంటే రెండు మూడు డిగ్రీల చల్లదనం ఒంటికి తెలుస్తుంది, ఏసీని 26, 27 మీద ఉంచవచ్చు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల అటూ ఇటూ తింటుంది, పాతది 75. తెల్లవారుజామున బయటి గాలి చల్లబడ్డాక అరగంట కిటికీ తెరిస్తే రాత్రి పేరుకున్నదంతా పోతుంది. ఇవేవీ కేంద్రం నోటిఫికేషన్ కోసం ఆగనక్కరలేదు.

కిటికీ తెరవడానికీ ఇప్పుడు అడ్డం వచ్చింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో గాలి కోసం వదిలిన డక్టులోనే అందరూ అవుట్‌డోర్ యూనిట్లు బిగించారు. కింది నాలుగు అంతస్తుల వేడి ఆ గొట్టంలాంటి సందులోంచి పైకి ఎగదన్ని, అయిదో అంతస్తు వాళ్ల స్నానాల గది కిటికీలోకి వస్తుంది. తన వేడిని తనే పీల్చుకుంటున్న యూనిట్లు మే నెల మధ్యాహ్నం వరసగా ట్రిప్ అవుతాయి. అసోసియేషన్ సమావేశంలో అయిదో అంతస్తు వాళ్లు 20 గురించి గానీ 24 గురించి గానీ మాట్లాడరు. ఆ యూనిట్లు తీసి బయటి గోడకు మార్చమంటారు. కొత్తగా రాగి పైపు ఎన్ని అడుగులు పడుతుంది, గ్యాసు మళ్లీ పట్టించాలంటే ఎంతవుతుంది, ఆ ఖర్చు కిందివాళ్లది మాత్రమేనా అందరిదీనా అన్న దగ్గర మాట ఆగి, సమావేశం వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది.