అట్టముక్కల్లో నాలుగో మితి

ఒక బంగాళదుంపను చెక్కి పాచికలాంటి ఘనం ఆకారంలో చేసి, ఒక మూల పైకి, దానికి సరిగ్గా ఎదుటి మూల కిందికి వచ్చేలా నిలబెట్టి, కత్తిని అడ్డంగా పెట్టి పలుచగా తరుగుతూ పోతే ముందుగా చిన్న సమబాహు త్రిభుజం వస్తుంది. అది కొంత పెరిగాక దాని మూలలు తెగడం మొదలై, సరిగ్గా సగానికి వచ్చేసరికి ఆరు భుజాలూ సమానంగా ఉన్న షడ్భుజి కనిపిస్తుంది. అక్కడినుంచి అవే ఆకారాలు వెనుకవరుసలో తగ్గుతూ చివరి మూల దగ్గర చుక్కగా ముగుస్తాయి. ఆరు ముఖాలూ చతురస్రాలే అయిన ఘనంలోంచి షడ్భుజి రావడం మొదటిసారి చూసినవారికి వింతగానే ఉంటుంది. నాకైతే రెండు దుంపలు పాడుచేసుకున్న తరువాత గాని నమ్మకం కుదరలేదు.

పొడవు, వెడల్పు, ఎత్తు అనేవి మనకు తెలిసిన మూడు మితులు (డైమెన్షన్లు). ఇదే పనిని ఒక మితి పైకి జరపవచ్చు. టెసరాక్ట్ అనే నాలుగు మితుల ఘనానికి 16 శీర్షాలు (మూలలు), 32 అంచులు, 24 చతురస్రాలు ఉంటాయి. దాని సరిహద్దు 8 ఘనాలతో ఏర్పడుతుంది. దానిని మూల నుంచి మూలకు ఇలాగే తరిగితే వచ్చే ముక్కలు బల్లపరుపు బొమ్మలు కావు, చేత్తో పట్టుకోగలిగిన ఘనాకృతులు: మొదట చుక్క, పిమ్మట పెరుగుతున్న చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ఆకృతి), ఆపైన మూలలు తెగిన చతుర్ముఖి, సరిగ్గా నడుమ క్రమ అష్టముఖి (ఎనిమిది సమబాహు త్రిభుజాల ఆకృతి), ఆ తరువాత తిరుగుదారి. దుంపలోని షడ్భుజి స్థానాన్ని ఇక్కడ అష్టముఖి ఆక్రమించిందన్నమాట.

ఈ తరుగుడు విద్యలో ఆరితేరినవారు, విశ్వవిద్యాలయం గడప తొక్కి చదువుకోని ఆలిసియా బూల్. 1860లో ఐర్లండులోని కార్క్‌లో పుట్టిన ఆమెకు నాలుగేళ్ల వయసులోనే తండ్రి, తర్కానికి బీజగణితాన్ని కట్టిన జార్జ్ బూల్, మరణించారు. తల్లి మేరీ ఎవరెస్ట్ పెదతండ్రి ఎవరో కాదు, హైదరాబాదులో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరి తరువాత భారత సర్వేయర్ జనరల్ అయిన జార్జ్ ఎవరెస్టే. ఆలిసియాకు సుమారు పద్దెనిమిదేళ్లప్పుడు ఛార్లెస్ హోవర్డ్ హింటన్ చిన్న చిన్న చెక్క ఘనాలు తెచ్చి, వాటిని పేరుస్తూ నాలుగో మితిని ఊహించడం ఆ ఇంటి పిల్లలకు నేర్పాడు. టెసరాక్ట్ అనే పేరు పెట్టింది ఆయనే. ఆలిసియా అక్కను పెళ్లాడి ఆమెకు బావ కూడా అయ్యాడు. గురువును మించిన శిష్యురాలని ఊరికే అనలేము గాని, ఈ విషయంలో అది అక్షరాలా నిజం.

మూడు మితులలో క్రమ ఘనాకృతులు, అంటే ముఖాలన్నీ ఒకేలాంటి క్రమ బహుభుజులై ప్రతి మూలా ఒకే తీరుగా ఉన్నవి, ఐదే. నాలుగు మితులలో ఆరున్నాయని స్విట్జర్లాండుకు చెందిన లుడ్విగ్ ష్లేఫ్లీ 1850ల తొలినాళ్లలోనే రుజువు చేసినా, ఆ గ్రంథం పూర్తిగా అచ్చయింది ఆయన పోయాక, 1901లో. ఆ సంగతి తెలియని ఆలిసియా ఆ ఆరింటినీ తానుగా కనుగొని, ఒక్కొక్కదాని అడ్డుకోతలను అట్టతో చేసి అతికించారు. వాటిలో 600 చతుర్ముఖులతో కూడిన ఆకృతిని దగ్గరగా చూద్దాం. దానికి 120 శీర్షాలు. ఒక శీర్షం నుంచి ఎదుటి శీర్షానికి పొరలుగా నడిస్తే మొదట ఒకటి, తరువాత 12, 20, 12, నడిమి పొరలో 30, మళ్లీ 12, 20, 12, చివర ఒకటి. పన్నెండేసి శీర్షాలున్న పొరలు వింశతిముఖి (ఇరవై త్రిభుజాల ఆకృతి) మూలలు, ఇరవై ఉన్నవి ద్వాదశముఖి (పన్నెండు పంచభుజుల ఆకృతి) మూలలు. ఈ లెక్కను కాగితంమీద చూడటం వేరు. ప్రతి కోతలో ఏ ముఖం ఎంతవరకు తెగుతుందో మనసులో పట్టి, అట్టను ఆ కొలతకే కత్తిరించడం వేరు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెండ్రిక్ స్కౌటె అనే గణితాచార్యుడు ఈ నడిమి కోతలనే సూత్రాలతో లెక్కకట్టి ప్రచురిస్తే, ఆమె తన అట్టబొమ్మల ఫోటోలు పంపారు. రెండూ సరిపోయాయి. ఆపైన ఇద్దరూ దాదాపు ఇరవై ఏళ్లు కలిసి పనిచేశారు.

అయితే కోతలు ఒక విషయంలో మనల్ని ఇబ్బంది పెడతాయి. కొలతలూ కోణాలూ నిజమే చెబుతాయి గాని, ఒక ముక్కకూ మరో ముక్కకూ ఉన్న అతుకు కనిపించదు. వలరూపంలో కథ ఇంకో తీరు: అట్టపెట్టెను విప్పితే ఆరు చతురస్రాలు పరుచుకున్నట్టు, టెసరాక్ట్‌ను విప్పితే ఎనిమిది ఘనాలు వస్తాయి. పెట్టెను విప్పడానికి 11 మార్గాలుంటే దీనికి 261 ఉన్నాయి. ఇక్కడ ప్రతి ఘనమూ పూర్తి పరిమాణంలో ఉంటుంది, అతుకులే తెగిపోతాయి. నీడ దీనికి పూర్తిగా విరుద్ధం. తీగతో కట్టిన ఘనాన్ని దీపం ముందు పట్టుకుంటే గోడమీద పెద్ద చతురస్రంలో చిన్న చతురస్రం పడినట్టే, టెసరాక్ట్ నీడగా పెద్ద ఘనంలో చిన్న ఘనం పడుతుంది. నడుమనున్న ఆరు కత్తిరించిన పిరమిడ్లు కూడా నిజానికి ఘనాలే. ఇందులో అతుకులన్నీ భద్రం, కొలతలు మాత్రం అబద్ధం. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తివాచీలు అమ్ముకునే పాల్ డాంచియన్ ఇటువంటి నీడలనే తీగలతో కట్టి 1934లో షికాగో ప్రదర్శనలో పెట్టాడు.

నీడ కదలడం మొదలుపెట్టాకే దాని విలువ పూర్తిగా తెలిసింది. 1960లలో బెల్ ప్రయోగశాలలో మైకేల్ నోల్, 1970లలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో థామస్ బాంకాఫ్, ఛార్లెస్ స్ట్రాస్ కంప్యూటరుతో టెసరాక్ట్‌ను తిప్పి చిత్రాలుగా తీశారు. అటువంటి చిత్రంలో లోపలి ఘనం ఉబ్బుతూ ఒక పక్కకు సాగి, ఒక పిరమిడ్డుగా మారి, చివరకు బయటి ఘనమై అన్నిటినీ తనలో ఇముడ్చుకుంటుంది. నిజంగా ఏ ఘనమూ సాగలేదు, కుంచించుకోలేదు. మన దృష్టికి దగ్గరగా వచ్చింది, దూరమయింది, అంతే. ఇప్పుడు ఫోన్‌మీద వేలు జరిపితే చాలు ఈ తమాషా కళ్ల ముందు జరుగుతుంది. ఆ ఫోన్ లోపలి తర్కమంతా ఆలిసియా తండ్రి బీజగణితమే కావడం నాకు మహా ముచ్చటగా తోస్తుంది.

స్కౌటె మరణించిన మరుసటి ఏడు, 1914లో, గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆలిసియాకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆమె 1940లో కన్నుమూశారు. 2001 వసంతంలో అదే విశ్వవిద్యాలయ భవనం నేలమాళిగలో పెద్ద కాగితపు చుట్ట ఒకటి బయటపడింది. విప్పి చూస్తే అందులో వరుసగా పెరిగి, నడుమ విచ్చుకుని, తిరిగి తగ్గిపోయే ఘనాకృతుల చిత్రాలు. ఎక్కడా సంతకం లేదు. అయినా అవి ఎవరి చేతి పనో గుర్తుపట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు.