నక్క తల దేవుడు ఇంట్లో ఉంటే చావొస్తుందా? ఈజిప్టు దేవుళ్ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి పదిన్నరకి ఫోను. గుంటూరు నుంచి ఒక పెద్దావిడ. రెండేళ్ల కిందట మా బృందంతో ఈజిప్టు వచ్చారు. "నాయనా, ఆ నల్లకుక్క బొమ్మని కృష్ణలో వదిలెయ్యమంటావా, నువ్వే వచ్చి పట్టుకెళ్తావా?" అన్నారు. గొంతు వణుకుతోంది.

కైరోలో ఖాన్ ఎల్ ఖలీలీ బజారులో మనవడి కోసం కొన్న జానెడు బొమ్మ అది. బేరమాడేటప్పుడు పక్కన నేనే ఉన్నాను. ఈమధ్య వాళ్లాయన గుండెకి స్టెంటు వేశారు. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఎవరో షోకేసులో బొమ్మని చూసి, "ఇది అనుబిస్, చావు దేవుడు. ఇంట్లో పెట్టుకుంటే ఒకర్ని తీసుకుపోయేదాకా ఊరుకోడు" అన్నారట. అది విని ఇంకొకాయన దోషం పోగొట్టడానికి ఇరవై ఒక్క వేలు అడిగాడట. ఆవిడ మూడు రాత్రులుగా నిద్రపోలేదు.

పదమూడేళ్లుగా తెలుగువాళ్లని ఈజిప్టు తీసుకెళ్తున్నాను. ఈ మాట వినని యాత్ర లేదు. గీజా నుంచి లక్సర్ దాకా బస్సులో, పడవలో, భోజనాల దగ్గర అందరికీ చెబుతూనే ఉన్నాను. అయినా ఫోన్లు ఆగడం లేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: అనుబిస్ చావు దేవుడు. బొమ్మ ఉన్న ఇంట్లో చావు తప్పదు.

అనుబిస్ ఎవరి ప్రాణమూ తీయడు. ఆయన పని మొదలయ్యేదే ప్రాణం పోయాక. చనిపోయినవాళ్ల ఒంటిని పాడవకుండా కాపాడటం, సమాధికి కాపలా కాయడం, దారి తెలియని ఆ లోకంలో తోడు నడవడం. ఆయన బిరుదుల్లో ఒకటి "తన కొండ మీద ఉన్నవాడు". ఊరి చివర శ్మశానం పక్కన ఎత్తు మీద కూర్చుని రాత్రంతా చూస్తూ ఉండే కావలివాడు అన్నమాట.

నక్క రూపం ఎందుకొచ్చిందంటే, తొలిరోజుల్లో ఈజిప్టువాళ్లు శవాల్ని ఎడారి అంచున లోతు లేని ఇసుక గుంటల్లో పెట్టేవాళ్లు. రాత్రిళ్లు నక్కలు, ఊరకుక్కలు వచ్చి ఆ గుంటలు తవ్వేవి. అయినవాళ్ల శవం పొద్దున్నే బయటపడి కనిపిస్తే ఆ ఇంటివాళ్లకి ఎలా ఉంటుంది? ఆ భయంలోంచే ఈ దేవుడు పుట్టాడని పండితుల మాట. తవ్వే జంతువుకే కాపలా అప్పగించి దణ్ణం పెట్టుకున్నారు. మశూచి పోసే అమ్మవారినే చల్లగా చూడమని మొక్కి, పెరుగన్నం పెట్టిన ఇళ్లలో పుట్టినవాళ్లం. ఈ సంగతి మనకి ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇక నలుపు. మనకి నలుపంటే కీడు. వాళ్లకి కాదు. నైలు వరద తీశాక పొలాల మీద మిగిలే ఒండ్రుమట్టి రంగు అది. గింజ పడితే మొలకెత్తే మట్టి. వాళ్ల దేశానికి వాళ్లు పెట్టుకున్న పేరే "కెమెట్", నల్ల నేల. నిజం నక్క నల్లగా ఉండదు కూడా. చనిపోయినవాళ్లు మళ్లీ మొలకెత్తాలని కావాలనే ఆయనకి ఆ రంగు వేశారు.

బ్రిటిష్ మ్యూజియంలో హునేఫర్ అనే లేఖకుడి పపైరస్ (రెల్లుతో చేసిన కాగితపు చుట్ట) ఉంది, సుమారు 3,300 ఏళ్ల నాటిది. దాని ముద్రిత ప్రతి ఒకటి ప్రతి యాత్రలోనూ నా సంచిలో ఉంటుంది. భయపడేవాళ్లకి అదే తీసి చూపిస్తాను. ఎడమ చివర తెల్లబట్టలు కట్టుకున్న హునేఫర్ నిలబడి ఉంటాడు. పక్కనే అనుబిస్. జాగ్రత్తగా చూడండి, అనుబిస్ అతని చెయ్యి పట్టుకుని ఉంటాడు. కొత్త బడిలో పిల్లాడిని లోపలికి తీసుకెళ్లేటట్టు నడిపిస్తూ త్రాసు దగ్గరికి తీసుకొస్తాడు. అక్కడ మళ్లీ అనుబిసే వంగి త్రాసు ముల్లు సరిచూస్తాడు. ఒక తట్టలో మనిషి గుండె, ఇంకో తట్టలో సత్యానికి దేవత అయిన మాట్ ఈక. కొంగలాంటి ఐబిస్ పక్షి తలతో థోత్ అనే దేవుడు లెక్క రాస్తుంటాడు. తీర్పు చనిపోయినవాళ్ల లోకానికి రాజైన ఒసైరిస్‌ది. గుండె ఈక కంటే బరువుగా ఉంటే దాన్ని మింగడానికి కూర్చున్న మొసలి తల అమ్మిత్ వేరే. ఇంతమందిలో మనిషి పక్షాన చెయ్యి పట్టుకున్నది నక్క తల ఆయనే. యముడితో పోల్చేవాళ్లు ఈ బొమ్మ ఒక్కసారి చూస్తే ఆ మాట అనరు.

"మరి టూటన్‌ఖామున్ శాపం?" అని అడుగుతారు. 1922లో ఈ ఈజిప్టు రాజు సమాధి తెరిచారు. ఖజానా గది గుమ్మంలోనే నల్లటి కొయ్య అనుబిస్ పడుకుని ఉన్నాడు. చెవులకి బంగారం, కాళ్లకి వెండి గోళ్లు, ఒంటికి నార చొక్కా, మెడలో కలువపూల దండ. తవ్వకానికి డబ్బు పెట్టిన కార్నార్వన్ 1923 ఏప్రిల్ 5న చనిపోయాడు. గడ్డం గీసుకునేటప్పుడు దోమకాటు మీద కత్తి తగిలి, పుండు చీము పట్టి, ఒళ్లంతా విషమెక్కింది. పత్రికలు దాన్ని శాపం చేశాయి. సమాధిని తెరిచి, అందులోని ప్రతి వస్తువునీ పదేళ్ల పాటు చేత్తో పట్టుకున్న హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో దశాబ్దాలుగా ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. బడిపిల్లలు వరసగా వచ్చి చూసి, బయట ఐస్‌క్రీం తిని ఇంటికెళ్తున్నారు.

ఇంకో మాట. ఈజిప్టువాళ్ల లెక్కలోనే అచ్చులో పోసిన బొమ్మ దేవుడైపోదు. విగ్రహానికి "నోరు తెరిచే" తంతు చేయాలి, మన ప్రాణప్రతిష్ఠలాగా. ఆ తర్వాత రోజూ మేలుకొలుపు, స్నానం, బట్టలు, నైవేద్యం. అదేదీ లేని బజారు బొమ్మ మీ షోకేసులో కూర్చుని ఎవరికో స్టెంటు వేయిస్తుందా? దయచేసి ఆ ఇరవై ఒక్క వేలు మందులకి దాచుకోండి. గుండెకి పూడిక ఎందుకొచ్చిందో డాక్టరుని అడగండి, బొమ్మని కాదు.

అపోహ: వాళ్లు జంతువుల్ని పూజించిన అమాయకులు.

ఈ మాట అనే తెలుగువాళ్లని నేను సింహాచలం, అహోబిలం గుర్తు చేసి ఆపుతాను. తల అనేది గుర్తు, దేవుడి గుణం చెప్పే అక్షరం లాంటిది. హాథోర్ అనే దేవత ఒకచోట ఆవు, ఒకచోట ఆవు చెవుల స్త్రీ, ఇంకోచోట కొమ్ముల మధ్య సూర్యబింబం పెట్టుకున్న మామూలు స్త్రీ. థోత్ ఐబిస్ పక్షి, బబూన్ కోతి కూడా. ఒక్క దేవతకి ఇన్ని రూపాలున్నాయంటే వాళ్లు ఏ రూపం దగ్గరా ఆగిపోలేదని అర్థం.

అలాగని పిల్లుల్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారని కథలల్లడమూ తప్పే. పిల్లి దేవత బాస్టెట్‌కి మొక్కుబడిగా సమర్పించడానికి పిల్లుల్ని పెంచి, చిన్నప్పుడే మెడ విరిచి మమ్మీలు చేసేవాళ్లు. కైరో దగ్గర సక్కారాలో అనుబిస్ పేరిట ఉన్న సొరంగాల్లో ఎనభై లక్షల దాకా జంతువుల్ని పెట్టి ఉంటారని అంచనా, ఎక్కువ కుక్కలే. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంటుంది, కానీ దాచను.

అపోహ: సెట్ అనే ఈజిప్టు దేవుడంటే సైతాను. కాదు. రోజూ రాత్రి సూర్యుడి పడవ ముందు నిలబడి అపెప్ అనే పాముని పొడిచేది ఆయనే. సెటీ అని రాజులు ఆయన పేరు పెట్టుకున్నారు.

అపోహ: ఒక్కరోజు పూజ తప్పితే ఈ దేవతలు పగబడతారు.

ఇది ఇప్పుడు ఈ దేవతల్ని నిజంగా కొలుస్తున్నవాళ్ల భయం. మనవాళ్లలోనూ ఉన్నారు, ఎక్కువగా పాతికేళ్ల లోపు పిల్లలు. డాలస్‌లో చదువుకునే ఒకబ్బాయి సెఖ్మెట్ అనే సింహం తల దేవత పటం ముందు రోజూ నీళ్లు పెడతాడట. పరీక్షల్లో నాలుగు రోజులు మానేశాడు, జ్వరం వచ్చింది. "అన్నా, ఆవిడ కోపం తెచ్చుకుందా?" అని ఏడుపు గొంతుతో అడిగాడు.

ఆ అబ్బాయికి నెఫెరాబు కథ చెప్పాను. సుమారు 3,200 ఏళ్ల కిందట, దైర్ ఎల్ మెదీనా అనే పనివాళ్ల ఊళ్లో ఉండేవాడు. రాజుల సమాధులు తీర్చిదిద్దిన ఊరు అది. అక్కడి కొండశిఖరం మీద మెరెట్సెగెర్ అనే నాగదేవత ఉంటుందని నమ్మకం. నెఫెరాబు ఏదో తప్పు చేశాడు, ఆవిడ శిక్షించింది. ఊపిరాడక విలవిల్లాడానని తనే రాతి పలక మీద చెక్కించాడు. తర్వాత వేడుకుంటే ఆవిడ చల్లగాలిలా వచ్చి కరుణించిందని కూడా చెక్కించాడు. ఆ పలక ఇప్పుడు ఇటలీలో ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. అదే ఊళ్లో నెబ్రె అనే చిత్రకారుడు కొడుకు జబ్బు నయమైనందుకు అమున్ దేవుడికి ఇంకో పలక చేయించాడు. మనిషికి తప్పు చేయడం ఎంత సహజమో ప్రభువుకి మన్నించడం అంత సహజమనీ, ఆయన కోపం రోజంతా కూడా నిలవదనీ అందులో ఉంది.

వీళ్లెవరూ గుడి గర్భాలయంలోకి అడుగుపెట్టగలిగినవాళ్లు కాదు. మామూలు జనం కోసం లక్సర్‌లోని కర్ణాక్ గుడి వెనకవైపు "మొర వినే చెవి" అనే చోటు ఉండేది. కొందరు రాతి పలకల మీద వరసగా చెవులు చెక్కించి మొక్కు చెల్లించేవాళ్లు, దేవుడికి తమ మాట వినపడాలని. ఇంత ఆశతో చెవులు చెక్కించుకున్నవాళ్ల దేవుళ్లని, నాలుగు రోజుల నీళ్లకి పగబట్టే దేవుళ్లుగా మార్చేసింది మనమే. సెఖ్మెట్ రోగాలు పంపే దేవత, నిజమే. ఆవిడ పూజారులే వైద్యులు, అదీ నిజమే. జ్వరానికి మాత్ర వేసుకో తమ్ముడూ, తగ్గాక నీళ్లు పెట్టుకో అన్నాను.

అపోహ: మా గురువుగారి పరంపర ఫారోల కాలం నుంచీ తెగలేదు.

తెగింది. చివరి చిత్రలిపి రాత ఫిలే గుడిలో చెక్కింది, 394 ఆగస్టు 24న. ఆరో శతాబ్దంలో ఆ గుడి కూడా మూసేశారు. ఇప్పటి ఆరాధనలు శాసనాలు, పపైరస్‌లు చదివి మళ్లీ కూర్చుకున్నవి. 1988లో షికాగోలో మొదలైన కెమెటిక్ ఆర్థొడాక్సీ అలాంటిదే. అమెరికాలో నెవాడా ఎడారిలో సెఖ్మెట్ గుడి 1993లో కట్టారు. కొత్తగా మొదలైనంత మాత్రాన ఆ భక్తి అబద్ధం కాదు. వేల ఏళ్ల రహస్య దీక్ష అని చెప్పి ఫోన్లో డబ్బు అడిగేవాడిది మాత్రం అబద్ధం.

అపోహ: అసలైన పాత తాయెత్తు అయితేనే పని చేస్తుంది. ఈజిప్టులో పురాతన వస్తువు కొనడం, బయటికి తేవడం 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం నేరం. చాటుగా అమ్మేది నకిలీ అయితే డబ్బు పోతుంది, నిజమైతే విమానాశ్రయంలో పట్టుకుంటారు. గుడి దగ్గర గులకరాయి కూడా ఏరొద్దు. లోపల దీపం, అగరుబత్తి వెలిగించొద్దు. మసి రంగుల్ని తినేస్తుంది. అక్కడి కాపలావాళ్లు ముస్లింలో క్రైస్తవులో అయి ఉంటారు, వాళ్ల ఉద్యోగం వాళ్లని చేసుకోనివ్వండి.

దణ్ణం పెట్టుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు. కర్ణాక్‌లో ప్టా అనే దేవుడి గుడి పక్క గదిలో సెఖ్మెట్ ఉంటుంది, నల్లరాతి నిలువెత్తు విగ్రహం. తలుపు దగ్గరికి వేస్తే చిమ్మచీకటి. కప్పులో చిన్న కంత నుంచి పడే వెలుగులో ముందు సింహం ముట్టె కనపడుతుంది, తర్వాత భుజాలు. గుంటూరు ఆవిడ ఆ గదిలోనే "అమ్మా" అని చేతులు జోడించి నిలబడిపోయారు. ఆ రోజు ఆవిడకి భయం వేయలేదు. ఫోన్లో అదే గుర్తు చేశాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాళ్లు నైవేద్యం పెట్టి ఏం చేసేవాళ్లు?" అని అడిగారు. దేవుడి ముందు పెట్టాక పూజారులూ గుడి పనివాళ్లూ పంచుకు తినేవాళ్లని చెప్పాను. "ప్రసాదమేగా" అన్నారు.

నిన్న ఫోటో పంపారు. బొమ్మ షోకేసులోంచి మనవడి పుస్తకాల అరలోకి మారింది. ముందు చిన్న రాగి చెంబుతో నీళ్లు ఉన్నాయి. పెద్దాయన వెనక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.