లోకల్‌లో కనిపించిన లోగో లైవ్‌లో ఎందుకు పోతుంది?

డెవలపర్ సొంత మెషీన్‌లో, అంటే లోకల్‌లో, బాగానే ఉన్న సైటు అందరూ చూసే సర్వర్‌కి, అంటే లైవ్‌కి, వెళ్లగానే లోగో మాయం, మెనూ నొక్కితే లోకల్‌హోస్ట్‌కి (చూసేవాళ్ల సొంత మెషీన్‌కే) పోతోంది. దాంతో పాత తగవు మళ్లీ లేచింది: లింకులో అడ్రస్ పూర్తిగా ఉండాలా, అక్కర్లేదా? డొమైన్ రాయకుండా, ఉన్న పేజీని బట్టి దారి చెప్పే రిలేటివ్ లింకుల నియమాలు 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1808 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగానే వచ్చేశాయి. ఆ పాఠం మళ్లీ ఎందుకు?

పేజీలు ఫైళ్లుగా ఉన్నంతకాలం ఇది చిన్న తప్పే. డెవలపర్ మెషీన్‌లో సైటు సబ్‌ఫోల్డర్‌లో, లైవ్‌లో డొమైన్ రూట్‌లో (అన్నిటికీ పైనున్న ఫోల్డర్‌లో) ఉంటే, స్లాష్‌తో మొదలయ్యే పాత్ రూట్ నుంచే లెక్క కాబట్టి లోకల్‌లో సైటు గడప దాటి బయటికి పోయేది. ఎడిటర్‌లో రీప్లేస్ కొడితే అయిపోయేది. పేజీలోని రిలేటివ్ లింకులన్నిటికీ ఒకే మూల అడ్రస్ ఇచ్చే బేస్ ట్యాగ్ పెట్టి గట్టెక్కినవాళ్లూ ఉన్నారు, లోపలి పేజీల్లో అదే పేజీలో మరోచోటికి పోవాల్సిన హ్యాష్ (#) లింకులు హోమ్‌పేజీకి దూకేదాకా.

అడ్రస్ ఫైలులోంచి డేటాబేస్‌లోకి చేరడంతో కథ మారింది. సైట్లు నడిపేందుకు 2003లో మొదలైన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, సైటు అడ్రస్‌ను డేటాబేస్‌లో ఆప్షన్స్ అనే టేబుల్‌లో పెడుతుంది. పోస్టులో చేర్చిన ఫొటో లింకునూ పూర్తి అడ్రస్‌తోనే దాస్తుంది. డేటాబేస్‌లోనూ రీప్లేస్ కొట్టొచ్చుగా అంటారు. అక్కడే దెబ్బ తగిలేది. విడ్జెట్లు (పేజీ పక్కన పెట్టే చిన్న పెట్టెలు), చాలా ప్లగిన్ల (అదనపు సౌకర్యాలు చేర్చే కోడ్) సెట్టింగులు పీహెచ్‌పీ సీరియలైజ్ రూపంలో, అంటే వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ డేటాను ఒకే వరుసగా మార్చి దాచే రూపంలో, ఉంటాయి. అందులో ప్రతి స్ట్రింగ్ (అక్షరాల వరుస) ముందు దాని పొడవు రాసి ఉంటుంది. 21 అక్షరాల లోకల్ అడ్రస్ తీసి 19 అక్షరాల లైవ్ అడ్రస్ పెడితే, పక్కన అంకె మాత్రం 21 గానే మిగులుతుంది. పీహెచ్‌పీ ఆ సెట్టింగును చదవలేదు, విడ్జెట్లు చడీచప్పుడు లేకుండా పోతాయి. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే పనిముట్టు డబ్ల్యూపీ సీఎల్‌ఐలోని సెర్చ్ రీప్లేస్ కమాండ్ పొడవును కూడా సరిచేసేది ఇందుకే.

పూర్తి అడ్రసే మేలనేవాళ్లు ఫీడ్లనీ (కొత్త పోస్టులను వేరే యాప్‌లకు అందించేవి) మెయిళ్లనీ చూపిస్తారు. అవి సైటు బయట తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ రిలేటివ్ లింకును నమ్ముకోలేం, నిజమే.

పూర్తి అడ్రస్ అక్కర్లేదనే అవతలివాళ్లు అడిగేది వేరు: బయటికి పంపేటప్పుడు డొమైన్ తగిలించండి, దాచేటప్పుడు ఎందుకు? చోటును బట్టి మారేదాన్ని కోడ్‌లో కాక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రామ్ నడిచే మెషీన్‌లో విడిగా పెట్టే సెట్టింగుల్లో) ఉంచమని, యాప్‌లు ఎలా కట్టాలో చెప్పే 2011 నాటి ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ సూత్రాలు చెప్పాయి. వర్డ్‌ప్రెస్ అడ్రస్‌నూ డేటాబేస్ బయట, సెట్టింగులు రాసే కాన్ఫిగ్ ఫైలులో పెట్టొచ్చు. కాకపోతే పాత పోస్టుల్లో ఇంకిపోయిన లింకులు దానికి లొంగవు.

ఇదంతా డెవలపర్ల గోల అనుకున్నవాళ్లకు 2018 జులైలో టెన్షన్ మొదలైంది. గూగుల్ బ్రౌజర్ క్రోమ్ 68 హెచ్‌టీటీపీ (ఎన్‌క్రిప్షన్ లేని పద్ధతి) సైట్లన్నిటినీ సురక్షితం కాదని చూపడంతో, ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌కు మారక తప్పలేదు. డొమైన్ అదే, సర్వరూ అదే. పాత పోస్టుల్లో ఫొటోల అడ్రస్ మాత్రం ఇంకా హెచ్‌టీటీపీతోనే మొదలవుతోంది.